చెట్టుకు దీపాలు కట్టినవాడు

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే పలాస, కాశీబుగ్గ బజార్లలో రంగు కాగితపు నక్షత్రాలు వేలాడతాయి. టెక్కలిలో చిన్నచిన్న దుకాణాల ముందు కూడా సీరియల్ లైట్ల దండలు మిలమిలలాడతాయి. ఉద్దానం ఊళ్లలో కొబ్బరి చెట్ల నడుమ ఉన్న చిన్న మందిరాల మీదికి నక్షత్రం ఎక్కుతుంది. సరుగుడు తోటలోంచి ఒక కొమ్మ తెచ్చి, ఇసుక నింపిన డబ్బాలో నిలబెట్టి, దాని చుట్టూ దీపాలు చుడితే అదే మన క్రిస్మస్ చెట్టు. మంచు దేశాల చెట్టు మనకు లేకపోయినా ఆనందానికేమీ లోటు లేదు.

అదే వారంలో మా మందిరం అటక మీది రేకు పెట్టె కూడా కిందికి దిగుతుంది. దాని నిండా పాత సీరియల్ సెట్లే. కొన్నింటి రంగులు వెలిసిపోయాయి. కొన్ని తీగల మీద టేపు చుట్లు తీగకన్నా ఎక్కువగా ఉన్నాయి. ఒక్కో సెట్టు ఒక్కో ఏడాదిది, ఒక్కో కుటుంబం కానుకగా ఇచ్చింది. ఇచ్చినవారిలో కొందరు ప్రభువునందు నిద్రించారు కూడా. పాతవి పారేసి కొత్త ఎల్‌ఈడీ దండలు కొందామని యవనస్థులు ఏటా అడుగుతారు. వద్దని పెద్దలు ఏటా అంటారు. పండుగ అయ్యాక పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. ఎవరి మాట సరైనదో మాకూ చాలాకాలం తేలలేదు.

పాత క్రిస్మస్ దీపాలను పోగుచేసి భద్రపరచేవాళ్లు అమెరికాలో పెద్ద సంఖ్యలోనే ఉన్నారని తెలిశాక మా ఆలోచన మరోవైపు మళ్లింది. గోల్డెన్ గ్లో ఆఫ్ క్రిస్మస్ పాస్ట్ అనే పేరుతో వారికి ఒక సంఘమే ఉంది. పాత బల్బు కొనను చూసి, లోపలి తంతువును చూసి, తీగ మీద చుట్టిన నూలును చూసి అది ఏ కాలానిదో వారు చెప్పగలరు. ఆ దీపాల వంశవృక్షాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతే చివరికి ఒక మనిషి దగ్గర ఆగుతాం. ఆయన పేరు ఎడ్వర్డ్ హిబ్బర్డ్ జాన్సన్. క్రిస్మస్ చెట్టుకు విద్యుత్ దీపాలు కట్టిన మొదటి మనిషి ఆయనే. ఆయన కట్టిన దీపం లోకమంతటికీ తెలుసు, ఆయన పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఈ వారం ఆయన జీవితాన్ని ధ్యానించుకుందాం.

కొవ్వొత్తుల కాలం

ముందుగా ఆయనకు పూర్వం పరిస్థితి ఎలా ఉండేదో చూద్దాం. క్రిస్మస్ చెట్టు మీద మొదట కొవ్వొత్తి వెలిగించింది మార్టిన్ లూథరేనని మన సండేస్కూళ్లలో పిల్లలకు చెబుతుంటాం. మంచు రాత్రి సతతహరిత వృక్షాల మధ్య నడుస్తూ కొమ్మల సందుల్లోంచి నక్షత్రాలు చూసి ఆయన ముగ్ధుడయ్యాడనేది ఆ కథ. వినడానికి ఎంతో బాగుంటుంది గానీ, లూథర్ కాలపు రాతల్లో దానికి ఆధారం లేదు. చెట్టుకు కొవ్వొత్తులు పెట్టే అలవాటు 17వ శతాబ్దంలో జర్మనీలో కనిపిస్తుంది. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడి ఉన్న చిత్రం లండన్ పత్రికలో అచ్చయ్యాక ఆ అలవాటు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇంటింటికీ పాకింది.

అందంతోపాటు ప్రాణభయం కూడా వచ్చింది. ఎండిన కొమ్మల మధ్య మండే ఒత్తులను ఒక్కసారి ఊహించుకోండి. చెట్టు పక్కనే నీళ్ల బాల్చీనో ఇసుక బాల్చీనో పెట్టుకుని, కొద్ది నిమిషాలు మాత్రమే వెలిగించి, అందరూ చూశాక ఆర్పేసేవారు. ఆ కాస్త ఏమరుపాటులోనే ఇళ్లు కాలిపోయిన సంగతులు ఏటా పత్రికల్లో వచ్చేవి. మన ప్రాంతంలో వెదురు బద్దల నక్షత్రం లోపల కొవ్వొత్తి పెట్టిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. గాలి ఒక్క విసురు విసిరితే నక్షత్రం భగ్గుమనేది. మా చిన్నప్పుడు అలా కాలిన నక్షత్రాలను మేమూ చూశాం. తాటాకు ఇళ్ల మధ్య అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

తీగల మనిషి

జాన్సన్ 1846 జనవరి 4న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో చెస్టర్ అనే ఊళ్లో పుట్టాడు. టెలిగ్రాఫ్ పని నేర్చుకున్నాడు. తీగ మీద టకటకమని పోయే శబ్దాలను అక్షరాలుగా చదవడమే ఆయన వృత్తి. అంతర్యుద్ధంలో సేనాధిపతిగా పనిచేసిన విలియం జాక్సన్ పామర్ పశ్చిమాన రైలు మార్గాలు వేస్తున్నప్పుడు జాన్సన్ ఆయన దగ్గర చేరి నమ్మకస్తుడనిపించుకున్నాడు. కొత్త రకం టెలిగ్రాఫ్ కోసం పెట్టిన ఒక కంపెనీలో పామర్‌కు భాగం ఉండేది. 1871లో దాని పని చూసుకోవడానికి జాన్సన్ తూర్పుకు వచ్చాడు.

ఆ కంపెనీ యంత్రాలు సరిగా పనిచేయడం లేదు. వాటిని బాగుచేయడానికి జాన్సన్ ఒక యువకుణ్ణి పనిలో పెట్టుకున్నాడు. తనకన్నా ఏడాది చిన్నవాడు, అప్పటికింకా పేరు లేనివాడు. ఆ యువకుడు థామస్ ఎడిసన్. పుస్తకాలు గుట్టగా పోసుకుని రాత్రింబవళ్లు చదవడం, కూర్చున్న కుర్చీలోనే కునుకు తీయడం, వందల కొద్దీ ప్రయోగాలు చేయడం జాన్సన్ కళ్లారా చూశాడు. ఇతడు మామూలువాడు కాడని గ్రహించాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎడిసన్ జాన్సన్ కింద పనికి చేరినవాడు. కొద్ది ఏళ్లలోనే జాన్సన్ ఎడిసన్ దగ్గర పనిచేసేవాడయ్యాడు. నిన్నటిదాకా తన కింద ఉన్నవాడు తనను మించిపోతుంటే మనమేం చేస్తాం? సంఘంలో నిన్న మనం పాట నేర్పిన పిల్లవాడు ఇవాళ మనకన్నా బాగా పాడితే మైకు అతనికి ఇస్తామా? యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చే యోహానుకు ఈ పరీక్షే ఎదురైంది. జనమంతా యేసు దగ్గరికి వెళ్లిపోతున్నారని శిష్యులు వచ్చి బాధపడితే, ఆయన హెచ్చాలని, తాను తగ్గాలని యోహాను సంతోషంగా ఒప్పుకున్నాడు (యోహాను 3:26-30). జాన్సన్ ప్రవక్త కాడు, వ్యాపారి. ఎడిసన్ క్రీస్తు కాడు. అయినా ఎదుటివాడి వరాన్ని గుర్తించి పక్కకు జరిగే మనసు ఎక్కడ కనబడినా అది నేర్చుకోదగిన పాఠమే.

1877లో జాన్సన్ ఊరూరా తిరుగుతూ ఎడిసన్ టెలిఫోనును ప్రదర్శించాడు. ఆ సభల్లో, మనిషి గొంతును పట్టి ఉంచి మళ్లీ వినిపించే యంత్రం గురించి ఎడిసన్ ఆలోచిస్తున్నాడని చెప్పేవాడు. జనం టెలిఫోను మాట మరిచిపోయి ఆ కొత్త మాటకే చప్పట్లు కొట్టారు. జాన్సన్ వెనక్కి పరుగెత్తుకొచ్చి ఆ సంగతి ఎడిసన్‌కు చెప్పాడు. ఆ ఏడాది నవంబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికకు ఉత్తరం రాసి ఆ ఊహను లోకానికి వెల్లడించింది కూడా జాన్సనే. డిసెంబరులో ఫోనోగ్రాఫ్ యంత్రం పూర్తయింది. కీర్తి అంతా ఎడిసన్‌కు వచ్చింది. ముందుగా వెళ్లి దారి చెప్పినవాడి పేరు పత్రిక పుటలోనే మిగిలిపోయింది.

ఆ తర్వాత ఎడిసన్ టెలిఫోను పని మీద జాన్సన్ లండన్ వెళ్లాడు. 1882 జనవరిలో అక్కడి హోల్‌బర్న్ వయాడక్ట్ దగ్గర బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం మొదలైంది. వీధి దీపాలకూ చుట్టుపక్కల భవనాలకూ కరెంటు ఇచ్చిన ఆ కేంద్రం పని జాన్సన్ చేతుల మీదుగానే జరిగింది. అదే ఏడాది సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెరల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ కరెంటు ఇచ్చిన రోజున కూడా జాన్సన్ ఆయన పక్కనే ఉన్నాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో

అదే 1882 డిసెంబరు 22. న్యూయార్క్ 36వ వీధిలో జాన్సన్ ఇల్లు. ముందు గదిలో ఒక చెట్టు నిలబెట్టాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 చిన్న బల్బులు. ఒక్కొక్కటి కోడిగుడ్డంత కూడా లేదు. తీగలన్నీ చేత్తో కట్టినవే. చెట్టు అడుగున ఒక చిన్న డైనమోను మోటారుగా తిప్పి దాంతో చెట్టునే గుండ్రంగా తిరిగేలా చేశాడు. నిమిషానికి ఆరు చుట్లు. చెట్టు తిరుగుతున్న కొద్దీ ఒక రంగు ఆరి మరో రంగు వెలుగుతుంది. మన సీరియల్ సెట్లు ఇవాళ టిక్కుటిక్కుమని ఆరి వెలగడానికి మూలం ఆ గదిలో ఉంది.

ఆ బల్బు లోపల ఏముంది? కాల్చి బొగ్గు చేసిన వెదురు పీచు. ఎడిసన్ మనుషులు ఎన్నెన్నో పీచులు పరీక్షించి చివరికి జపాన్ వెదురును ఎంచుకున్నారు. ఆ కాలపు దీపాల్లో వెలిగిన తంతువు అదే. మనం నక్షత్రం కట్టే వెదురే వాళ్లకు దీపమైంది. అది బూడిద కాకుండా వెలగడానికి కారణం గాజు బుడ్డిలోని గాలినంతా తోడేయడం. లోపల గాలి ఉంటే తంతువు క్షణంలో కాలిపోతుంది. ఖాళీ అయితేనే నిలిచి వెలుగుతుంది. తన మహిమను విడిచి తనను తాను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించిన ప్రభువు గురించి పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన సంగతి (ఫిలిప్పీ 2:6-8) ఈ చిన్న బల్బును చూసినప్పుడల్లా మాకు గుర్తుకొస్తుంది. పశువుల తొట్టి అంటే అదే కదా. నిండుగా ఉన్నవాడు మన కోసం ఖాళీ అయ్యాడు, అందుకే ఆ వెలుగు ఆరలేదు.

ఆ ఏడాది మన ప్రాంతం ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. టెక్కలి, సోంపేట అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. ఆ రోజుల్లో మన ఊళ్ల వెలుగు ఆముదపు దీపం, మహా అయితే కిరసనాయిలు బుడ్డి. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరిగారికి అప్పటికి ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. 1803లో పుట్టి 1833లో బాప్తిస్మం పొందిన ఆయన, విద్యుత్ దీపమన్నది లేని కాలంలో రాసిన కీర్తనలను మనం ఇవాళ ట్యూబులైట్ల కింద పాడుతున్నాం. దీపాలు మారాయి గానీ వెలుగు మారలేదు.

ప్రకటనా? సాక్ష్యమా?

ఆ చెట్టు గురించి డెట్రాయిట్ పత్రికకు రాసే విలియం క్రోఫట్ అనే విలేఖరి ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. న్యూయార్క్ పత్రికలు మాత్రం పట్టించుకోలేదు. కంపెనీ సరుకు అమ్ముకోవడానికి చేసిన హంగామాగా దాన్ని లెక్కగట్టాయి. నిజం చెప్పాలంటే ఆ అనుమానంలో కొంత న్యాయముంది. జాన్సన్ ఎడిసన్ కంపెనీ పెద్దల్లో ఒకడు. విలేఖరిని ఇంటికి పిలిచింది ఊరికే కాదు. ఆ చెట్టు పిల్లల ఆనందానికీ పనికొచ్చింది, కంపెనీ ప్రచారానికీ పనికొచ్చింది.

ఆయన జీవితంలో మమ్మల్ని కుదిపిన చోటు ఇదే. ఎందుకంటే మన నక్షత్రాల మీద కూడా ఆ ప్రశ్న వేలాడుతోంది. మందిరం మీద మనం కట్టే దీపాలు ఎవరి కోసం? పక్క సంఘం నక్షత్రం ఇరవై అడుగులైతే మనది ముప్పై అడుగులు ఉండాలనుకున్నప్పుడు ఆ వెలుగు ఎవరిని చూపిస్తుంది? దాతల పేర్లు దేవుని మాటకన్నా పెద్ద అక్షరాల్లో వెలుగుతున్నప్పుడు దారిన పోయేవారు ఏం చదువుతారు? జాన్సన్ వ్యాపారి గనుక ప్రకటన చేసుకున్నాడు, అది ఆయన వృత్తి. మనం సాక్షులం. సాక్షి తన గురించి తాను చెప్పుకోవడం మొదలుపెట్టిన క్షణమే సాక్ష్యం ప్రకటనైపోతుంది. యోహాను తాను ఆ వెలుగు కాడని, ఆ వెలుగును గురించి సాక్ష్యమివ్వడానికే వచ్చాడని సువార్త ముందుగానే స్పష్టం చేసింది (యోహాను 1:6-8). మనుషులు మన క్రియలు చూసి పరలోకపు తండ్రిని మహిమపరచాలే తప్ప మనల్ని కాదని ప్రభువు కొండమీద నేర్పాడు (మత్తయి 5:16).

జాన్సన్ పట్టు వదల్లేదు. 1884 క్రిస్మస్‌కు 120 దీపాలతో మరో చెట్టు నిలబెట్టాడు. ఈసారి న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది. ఆ పదేళ్లలోనే ఫ్రాంక్ స్ప్రేగ్ అనే నౌకాదళ యువ ఇంజనీరును గుర్తించి ఎడిసన్ దగ్గరికి తెచ్చింది కూడా ఆయనే. స్ప్రేగ్ సొంతంగా కంపెనీ పెడితే దానికి అండగా నిలిచాడు. 1888లో రిచ్‌మండ్ నగరంలో స్ప్రేగ్ నడిపిన విద్యుత్ ట్రాములు లోకమంతటికీ మాదిరి అయ్యాయి. అక్కడ కూడా చరిత్రలో వెలిగింది స్ప్రేగ్ పేరే. ఎడిసన్‌ను ముందుగా పోల్చుకున్న ఆ కళ్లే స్ప్రేగ్‌ను కూడా పోల్చుకున్నాయి. మనుషుల్లో దాగిన వెలుగును కనిపెట్టడమే ఆయన అసలు వరమేమో అనిపిస్తుంది. పౌలును చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లిన బర్నబా గుర్తుకు రావడం లేదూ? (అపొ.కా. 9:27).

గొప్పింటి దీపం, పేదింటి దీపం

1890లలో క్లీవ్‌లాండ్ అధ్యక్షుడిగా ఉండగా అమెరికా అధ్యక్ష భవనంలోని చెట్టుకు కూడా విద్యుత్ దీపాలు వెలిగాయి. అయినా అది చాలాకాలం డబ్బున్నవాళ్ల వేడుకే. బల్బులు విడిగా కొని, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఒక్కొక్క తీగా కట్టించుకోవాలి. 20వ శతాబ్దం మొదట్లో ముందే తీగ అల్లిన సెట్లు దుకాణాల్లోకి వచ్చాయి గానీ, మామూలు కార్మికుడికి ఒక్క సెట్టు కొనడం కూడా భారమే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వియన్నాలో పండ్లు, పక్షులు, బొమ్మల ఆకారాల్లో బల్బులు ఊదేవారు. యుద్ధం ఐరోపా సరుకును ఆపేసింది. ఆ చోటును జపాన్ బల్బులు నింపాయి. 1920ల్లో చిన్న తయారీదారులు కలిసి నోమా అనే కంపెనీగా ఏర్పడ్డారు. అక్కడి నుంచి ఆ దీపం సామాన్యుల ఇళ్లకు దిగింది. సేకర్తలు ఇవాళ అపురూపంగా దాచుకునేవి ఎక్కువగా ఈ కాలపు సెట్లే.

అది చూడడానికి జాన్సన్ లేడు. 1917 సెప్టెంబరు 9న న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 71 ఏళ్లు. తాను నాటిన దాని నీడలో తాను కూర్చోలేకపోయాడు. మన ఉద్దానం రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కొబ్బరి మొక్క పాతిన చేతులే దాని కాయ తినాలని ఎక్కడుంది? ఒకరు విత్తుతారు, మరొకరు కోస్తారు. విత్తినవాడూ కోసినవాడూ కలిసి సంతోషించే రోజు దేవుని దగ్గర ఉంది (యోహాను 4:36-37).

ఒక్కటి ఆరితే

పాత సెట్ల సంగతి ఒకటి చెప్పి ముగింపుకు వస్తాం. అమెరికాలో పాత కాలపు సెట్టులో సాధారణంగా ఎనిమిది బల్బులు ఒకే వరుసలో ఉండేవి. 120 వోల్టులను ఎనిమిదీ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 15. మన పాత సీరియల్ సెట్లలోనూ సూత్రం ఇదే. మన 230 వోల్టులను వరుసలోని చిన్న బల్బులన్నీ పంచుకుంటాయి. ఏ ఒక్క బల్బూ ఆ భారాన్ని ఒంటరిగా మోయలేదు, మోస్తే మాడిపోతుంది. వరుసలో ఒక్క తంతువు తెగినా మిగతావన్నీ ఆరిపోతాయి. అప్పుడు ఏది పోయిందో తెలుసుకోవడానికి ఒక్కొక్కటీ తీసి చూడాల్సిందే. ఓపిక ఉన్నవాడే ఆ పని చేయగలడు. సేకర్తలు పాత బల్బును ఒక్కసారిగా పూర్తి కరెంటుకు కలపరు. తక్కువ వోల్టేజీతో మెల్లగా పరీక్షిస్తారు. పాతదాన్ని కాపాడే ప్రేమలో తొందరపాటు ఉండదు.

శరీరంలో ఒక అవయవం బాధపడితే అన్నీ దానితో కూడా బాధపడతాయని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 12:26). మన ప్రాంతం ఆ మాటను 2018లో తన ఒంటి మీదే చదువుకుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు విరిగి ఊళ్లకు ఊళ్లే రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. ఆ చీకట్లో ఎవరి ఇంట కొవ్వొత్తి ఉంటే వారు సగం విరిచి పక్కింటికి ఇవ్వడం మేం చూశాం. ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. ఆ డిసెంబరులో మేం కట్టిన దీపాలు చాలా తక్కువ. కానీ అంత వెలుగున్న క్రిస్మస్‌ను మేం మరెప్పుడూ చూడలేదు.

ఇంకో చీకటి కూడా ఉద్దానాన్ని ఏళ్లుగా వదలడం లేదు. అది కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అది మంచి మేలు. అయినా డయాలసిస్‌కు వెళ్లే మనిషి వెంట ఇంట్లో మరొకరు పని మానుకుని వెళ్లాలి. దారి ఖర్చులుంటాయి. కూలి పోతుంది. పండుగ పూట కూడా ఆ కుటుంబం ఆసుపత్రి వరండాలోనే ఉంటుంది. మన వరుసలో ఆరిపోతున్న దీపం అది. అది ఆరుతుంటే మిగతా దండ ఎలా మిలమిలలాడుతుంది?

రేకు పెట్టె తీర్పు

అందుకే మా మందిరంలో రేకు పెట్టె గొడవను ఇలా తేల్చుకున్నాం. కరెంటు పని తెలిసిన ఒక యవనస్థుడూ, పెద్దలిద్దరూ మూడు సాయంత్రాలు కూర్చుని ప్రతి సెట్టూ విప్పారు. ఇన్సులేషన్ పోయి ప్రమాదకరంగా ఉన్న తీగలను నిర్మొహమాటంగా పక్కన పడేశారు. జ్ఞాపకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం భక్తి కాదు గదా. బాగుపడేవాటిని బాగుచేశారు. పోయిన బల్బులను ఒక్కొక్కటే మార్చారు. ఏ సెట్టు ఏ కుటుంబం ఇచ్చిందో పెద్దలు చెబుతుంటే పిల్లలు చీటీల మీద రాసి కట్టారు. చాలామంది పిల్లలు తమ తాతల భక్తి గురించి మొదటిసారి విన్నది ఆ సాయంత్రాల్లోనే. కొత్త దండల కోసం తీసిపెట్టిన డబ్బును డయాలసిస్‌కు వెళ్లే కుటుంబాల దారి ఖర్చులకు ఇచ్చాం. ఇది గొప్ప కోసం రాయడం లేదు. గొప్ప చెప్పుకుంటే మేమూ ప్రకటన చేసుకున్నవాళ్లమే అవుతాం. ఇన్నేళ్లు ఈ పని ఎందుకు తోచలేదా అన్న సిగ్గుతోనే రాస్తున్నాం.

ఆ పెట్టెలోంచి బాగుపడి వచ్చిన ఒక సెట్టులో కాంతి తక్కువ. కొత్తవాటి పక్కన పెడితే వెలవెలబోతుంది. అయినా దాన్ని సరుగుడు కొమ్మకు అందరికంటే పైన కట్టాం. ఆరిపోబోతున్న ఒత్తిని ఆర్పనివాడని యెషయా ముందుగా చెప్పింది (యెషయా 42:3) మన రక్షకుని గురించే. మసకబారిన మనల్ని ఆయన పారేయలేదు. ఒక్కొక్కరినీ చేతిలోకి తీసుకుని, ఎక్కడ తెగిందో చూసి, మళ్లీ వరుసలో కలిపాడు. ఆ ఓపిక మనకెప్పుడు అలవడుతుంది?

ఎడ్వర్డ్ జాన్సన్ 80 దీపాలు వెలిగించాడు. లోకం దీపాలను గుర్తుంచుకుని ఆయన్ను మరిచింది. ప్రియులారా, మన గతి కూడా అంతే అయితే మనకు నష్టమేమిటి? మన పేరు మాసిపోయినా ఫరవాలేదు. మన ఇంటి ముందు నుంచి నడిచిపోయినవారికి బేత్లెహేములో పుట్టినవాని వెలుగు కాస్త కనబడితే చాలు. ఈ క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేటప్పుడు నిచ్చెన మీద ఒక్క క్షణం ఆగండి. మీ వీధిలో ఏ ఇంట దీపం వెలగడం లేదో అక్కడి నుంచి చూడండి. చూశాక కిందికి దిగి, ముందుగా ఆ ఇంటికి వెళ్లండి. నక్షత్రం తర్వాతైనా కట్టుకోవచ్చు. జ్ఞానులను నడిపించిన నక్షత్రం కూడా తన కోసం ఆగలేదు. శిశువు ఉన్న చోటనే వచ్చి నిలిచింది (మత్తయి 2:9).

ప్రభువు మన ఇళ్లను, మన ఊళ్లను తన వెలుగుతో నింపును గాక. ఆమేన్.